మైలలో ఊడిన పన్ను

దంతసాక్షికి నలభై సెకన్లు చాలు.

ఆ నలభై సెకన్లూ డాక్టర్ హైమవతి దాన్నే చూస్తూ నిలబడింది. పదకొండేళ్ల కిందట విశాఖపట్నంలోని తన ప్రయోగశాలలో తన చేతులతో తయారుచేసిన యంత్రం అది. చూడ్డానికి టార్చిలైటంత ఉంటుంది. దవడపంటికి ఆనిస్తే, ఆ మనిషి చిన్నప్పుడు ఏ నేల నీళ్లు తాగి పెరిగాడో చెబుతుంది. ఏ బావికి ఆ బావి గుర్తుంటుంది. ఆ గుర్తు పంటిలోకి చేరిందంటే కాటికి పోయేదాకా పోదు.

ఎదురుగా స్టూలు మీద నోరు తెరుచుకుని కూర్చున్న పిల్ల పేరు సూరాడ నూకరత్నం. ఇరవయ్యారేళ్లుంటాయి. పదిహేడు నెలలుగా ఈ నిర్బంధ కేంద్రంలో ఉంటోంది. భీమిలి దాటాక సముద్రపు ఒడ్డున మూతపడిన రొయ్యల హేచరీ ఇది. ఒకప్పుడు రొయ్యపిల్లల్ని పెంచిన షెడ్లలో ఇప్పుడు మూడు వందల పన్నెండు మంది మనుషులున్నారు.

యంత్రం కీచుమంది. చిన్న తెర మీద అక్షరాలు వెలిగాయి. సముద్ర జలం. నలుమా దీవులు.

"ఏటంటంది మేడమ్?" రత్నం దవడ రుద్దుకుంటూ అడిగింది.

"మళ్లీ అదే."

"మీ మిషను సెవిటిదేటి? ఇంతసేపు నా నోట్లోనే ఉన్నాది. నా మాట ఏ ఊరిదో దానికి తెలవనేదా?"

పక్కనే నిలబడిన వకీలు దువ్వు జోగారావు నవ్వాపుకోలేకపోయాడు. అరవై దాటిన మనిషి. నల్లకోటు మోచేతుల దగ్గర తెల్లబడిపోయింది. "అదే కదమ్మా దాని గొప్ప. ఎవరి మాటా వినదు. అందుకే గవర్నమెంటుకి అంత ముద్దు."

హైమవతికి నవ్వు రాలేదు. ఆ పిల్ల నోరు తెరిస్తే ఉద్దానం కొబ్బరితోటలు కనిపిస్తున్నాయి. మరి పన్నేమిటి ఇలా అంటోంది?

నలుమా దీవులు మునిగిపోయి ఆరేళ్లయింది. అక్కడి జనం పడవలెక్కి దొరికిన తీరానికల్లా కొట్టుకొచ్చారు. కొందరు విశాఖ రేవులో ఎండుచేపల యార్డుల్లో కూలికి కుదిరారు. దొంగ కాగితాలు పెరిగిపోయాయని గోల మొదలైంది. అప్పుడే ఒక టీవీ చర్చలో హైమవతి ఒక మాట అంది. 'కాగితాలు అబద్ధమాడతాయి, పళ్లు ఆడవు.' ఆరు నెలలు తిరక్కుండా ఆ మాట చట్టమై కూర్చుంది. దంతసాక్షి పరాయివాడని చెప్పాక ఇక ఏ కాగితమూ చెల్లదు. ఏ జడ్జీ వినక్కర్లేదు. వెనక్కి పంపేదాకా లోపలే. పంపడానికి దేశమే లేనివాళ్లని ఎప్పటికి పంపుతారన్నది మాత్రం ఆ చట్టంలో ఎవరూ రాయలేదు.

రత్నం ఆ యార్డులోనే చేపలు తిరగేసే పనిలో ఉండేది. దంతసాక్షి పట్టుకుని తనిఖీ స్క్వాడు వచ్చి అందర్నీ వరసలో నిలబెట్టింది. 'రేషను లైను లాటిదే అనుకుని నాను ముందుకెళ్లి నిలబడ్డాను' అని ఆమె మొదటిరోజే చెప్పింది.

ఆమె పేరు మీదే జోగారావు హైకోర్టులో పిటిషన్ వేశాడు. తొంభై రోజులు దాటి లోపలున్న ప్రతి మనిషినీ ఒక జడ్జి ముందు నిలబెట్టాలి, బాండు రాసి బయటికెళ్లేందుకు అడుక్కోనివ్వాలి. అంతే.

"బెయిలిమ్మని కూడా అడగట్లేదండీ," అన్నాడాయన గేటు వైపు నడుస్తూ. "అడుక్కోడానికి ఒక గుమ్మం చూపించండి మహాప్రభో అంటున్నాం. హంతకుడికుంది ఆ గుమ్మం. వీళ్లకి లేదు."

హైమవతి వెనక్కి తిరిగి చూసింది. షెడ్డు మెట్ల మీద రత్నం ఒక పసిదాన్ని ఎత్తుకుని ఆడిస్తోంది. నలుమా దీవుల నుంచి వచ్చిన తెనీలా కూతురది. కడుపుతో ఉండగా తెనీలాని పట్టుకొచ్చారు. బిడ్డ ఈ కంచె లోపలే పుట్టింది. కింద రెండు పళ్లు ఇప్పుడిప్పుడే వస్తున్నాయి. ఆ రెండు పళ్లలో ఉన్నది ఈ భీమిలి కుళాయి నీళ్లే కదా అని హైమవతికి తోచింది.

*

ఉద్దానంలోని ఇసకగెడ్డ ఊళ్లో రత్నం తండ్రి ఎర్రయ్య అరుగు మీద చాప పరిచి హైమవతిని కూర్చోబెట్టాడు. నలభై ఏళ్లు వల లాగిన చేతులు. ఇప్పుడు ఎడమచేతి మీద డయాలిసిస్ సూదులు గుచ్చిన చోట తాళ్లలా నరాలు ఉబ్బివున్నాయి. వారానికి మూడుసార్లు ఆటోలో పలాస వెళ్లి రక్తం కడిగించుకుంటాడు. ఆయనకి కన్నబిడ్డ ఆ కూతురొక్కతే.

వీధిలో ఒక నడివయసు మనిషి వల భుజాన వేసుకుని ఒడ్డుకి పోతున్నాడు. పలకరింపుగా ఉంటుందని హైమవతి, "ఎప్పుడొస్తారు తిరిగి?" అంది. ఆ మనిషి ఆగిపోయాడు. ముఖం ముడుచుకుని వెనక్కి వెళ్లి, తన ఇంటి అరుగు మీద కాసేపు కూర్చుని, ఆ తర్వాతే మళ్లీ బయల్దేరాడు.

"ఏటకెల్లేవోణ్ని ఎప్పుడొస్తావని అడక్కూడదమ్మా," అన్నాడు ఎర్రయ్య మెల్లగా. "ఆడూ సెప్పకూడదు. మాలో అది నేదు."

హైమవతి సిగ్గుపడింది. చెంబుతో ఆయన ఇచ్చిన నీళ్లు తాగింది. రుచీ పచీ లేని నీళ్లు.

"ఇవి ఏ నీళ్లు?"

"ప్లాంటు నీళ్లు తల్లీ. సముద్రంలోంచి లాగి ఉప్పు తీసీసి ఇస్తారు. మా నూతినీళ్లు తాగితే కిడ్నీలు పోతన్నాయని ఎట్టినారు. మా పాప పుట్టిన నెలకే ఒచ్చినాది ప్లాంటు. అప్పట్నించి ఊరంతా ఇయ్యే."

హైమవతి చెంబు కింద పెట్టింది.

దీవుల్లో నూతులు ఉప్పెక్కిపోయాక అక్కడివాళ్లు తాగినవీ ఇలాంటి నీళ్లే. సముద్రానికి ఊళ్లుండవు. నలుమా దగ్గరి నీళ్లయినా ఇసకగెడ్డ దగ్గరి నీళ్లయినా పంటికి ఒకటే. తన యంత్రానికి సముద్రపు నీళ్లు తాగి పెరిగినవాళ్లంటే దీవులవాళ్లేనని నేర్పింది తనే. తన పట్టికలో ఈ ఊరి ప్లాంటు లేదు. ఇక్కడి జబ్బు సంగతి పేపర్లో చదివింది కాని, జబ్బున్న చోట జనం నీళ్లు మార్చుకుంటారన్న చిన్న విషయం ఆమెకి తట్టలేదు.

"పుట్టాక తయారైన పళ్లన్నీ ప్లాంటు నీళ్లవే," అని తనలో తను అనుకున్నట్టుగా అంది. "పాలపన్ను ఒక్కటే తల్లి కడుపులో ఉండగా మొదలవుతుంది. అప్పుడు వాళ్లమ్మ నూతినీళ్లే తాగేది కదా. ఒక్క పాలపన్ను ఉంటే..." అని ఆగిపోయింది. ఎవరు దాస్తారు? ఊడిన పన్నుని పేడముద్దలో పెట్టి ఇంటిమీదికి విసిరేస్తారు. ఇరవై ఏళ్ల గాలివానలకి ఏ పెంకు కిందా ఏదీ మిగలదు.

ఎర్రయ్య గోడ పట్టుకుని లేచి లోపలికెళ్లాడు. తిరిగొచ్చినప్పుడు చేతిలో ఇత్తడి పసుపు భరిణె ఉంది.

"దాని తల్లి బంగారమ్మ పోయిన మూడోనాడు ఊడినాది. పాపకి ఆరేళ్లు. మైలలో ఇంటిమీద ఎయ్యకూడదు కదా. పెద్దకర్మయినాక ఏద్దాంలెమ్మని ఇందులో ఏసినాను. ఆ తరవాత..." ఆయన భరిణె మూత మీద వేలు రాశాడు. "మరి ఇది తెరవబుద్ధి కానేదమ్మా."

ఎండిన పసుపులో బియ్యపుగింజంత పన్ను.

ప్రయోగశాలలో ఆ పన్ను మీద హైమవతి రెండుసార్లు పరీక్ష చేసింది. రెండుసార్లూ తెర ఒకే మాట చెప్పింది. ఉద్దానం, భూగర్భ జలం. ఏ నీళ్లు బంగారమ్మ కిడ్నీలు తిన్నాయో, ఆ నీళ్లే ఆమె కూతురు ఈ నేల బిడ్డేనని సాక్ష్యం చెబుతున్నాయి.

*

"ఈ పన్ను చూపిస్తే రత్నాన్ని గంటలో వదిలేస్తారు," అన్నాడు జోగారావు. ఆయన గొంతులో సంతోషం లేదు. "పొరపాటయిందని ఒక కాగితమ్ముక్క ఇచ్చి, కారెక్కించి మరీ దింపుతారు."

"మరి ఇంకేం కావాలండీ?"

"పిటిషనరు బయటికొచ్చేశాక ఇంకా పిటిషనెందుకంటారు. కేసు కొట్టేస్తారు. మిగతా మూడు వందల పదకొండు మంది కోసం మళ్లీ మొదట్నించీ వెయ్యాలి. ఇక్కడిదాకా రావడానికి ఏడాది పట్టింది. వచ్చేవారం వాదనలు, ఇంకో రెండు వారాలకి తీర్పు. సరిగ్గా మూడు వారాలు." కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నేను దాచమనను, చూపించమనను. పన్ను ఆ పిల్లది. ఆ పిల్లనే అడగాలి."

అడిగారు. కంచెకి ఇవతల బల్ల మీద భరిణె పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పారు. రత్నం మూత తీసి చాలాసేపు చూసింది. పన్నుని కాదు, పసుపుని. వేలితో కొంచెం తీసి వాసన చూసింది.

"నాకు పన్నుంది," అంది చివరికి. "తెనీలాకేటుంది?"

జోగారావు కళ్లజోడు సర్దుకున్నాడు.

"దీవి మనిషి కాదు కాబట్టి ఒదిలీసినాం అంటారు నన్ను. అంటే దీవి మనుషులైతే ఉంచీవొచ్చు. అంతేగదా లాయరు బావూ?"

"అంతేనమ్మా."

"మా అయ్యకెలాగుందో?" ఈసారి హైమవతి వైపు తిరిగింది. ఇక్కడ ఫోన్లు లేవు, ఉత్తరాలు రావు. వచ్చిపోయే ఈ ఇద్దరి నోటి మాటే ఆమెకి ఉత్తరం. "అయ్యనడగండి. ఆయన ఎలాగంటే అలాగ."

హైమవతి పలాస వెళ్లింది. డయాలిసిస్ మంచం మీద ఎర్రయ్య మునుపటికంటే చిక్కిపోయి ఉన్నాడు. ఎడమచేతి నరం మూసుకుపోయింది. మెడలోంచి గొట్టం వేశారు. వారం గడవడం కూడా అనుమానమేనని డాక్టరు ఆమెని పక్కకి పిలిచి చెప్పాడు. ఆ సంగతి ఎర్రయ్యకి ముందే తెలుసు.

కేసు సంగతంతా కళ్లు మూసుకుని విన్నాడు. "ఆ పసిగుంటకి పళ్లొచ్చినాయా?" అని అడిగాడు.

"రెండు వచ్చాయి."

"మా పాప అందర్నీ ఎత్తుకుంటాది. సిన్నప్పట్నించీ అంతే." కళ్లు తెరిచాడు. "నా సంగతేటీ సెప్పకమ్మా దానికి. మూడు వారాలాగుతానన్నాడని సెప్పు. ఆ మాటే సెప్పు. ఇంకేటీ కలపకు."

హైమవతి జీవితంలో ప్రయోగాల లెక్కలే చెప్పింది గాని అబద్ధాలు మోసింది లేదు. దారి పొడుగునా ఆ మాటే తిప్పి తిప్పి చూసుకుంది. చెప్పకూడదనుకుంది. చెప్పాలనుకుంది. రత్నం ఎదురుగా కూర్చున్నాక మాత్రం నోరు దానంతటదే తెరుచుకుంది.

"మూడు వారాలాగుతానన్నాడు."

రత్నం తలెత్తింది. "ఆ మాటేనా? అలాగే సెప్పినాడా?"

"అలాగే."

ఆ పిల్ల షెడ్ల మీదుగా కనిపించే సముద్రపు ముక్క వైపు చూస్తూ ఉండిపోయింది. వాళ్ల వెనక ఎవరో బకెట్ల కోసం పోట్లాడుకుంటున్నారు. భరిణె మూత బిగించి హైమవతి వైపు తోసింది.

"ఇది మీ దగ్గరుంచండి. కేసు నడవనీండి."

*

వాదనల రోజు హైకోర్టు హాలు కిక్కిరిసిపోయింది. ప్రభుత్వ న్యాయవాది పాత టీవీ చర్చ కాగితం మీద రాయించుకుని తెచ్చాడు.

"కాగితాలు అబద్ధమాడతాయి, పళ్లు ఆడవు. డాక్టరుగారూ, ఈ మాట మీదేనా?"

"నాదే."

"ఇవాళ వెనక్కి తీసుకుంటున్నారా?"

"లేదండి. పళ్లు అబద్ధమాడవు. కాని వాటిని ఒక్క ప్రశ్నే అడగొచ్చు. ఏ నీళ్లు తాగావు అని. ఈ మనిషిని వదిలితే పారిపోతాడా, పిలిచిన రోజుకి తిరిగొస్తాడా అన్నది పంటిలో ఉండదు. ఎదురుగా నిలబెట్టుకుని అడిగితేనే తెలుస్తుంది. నా యంత్రం ఒక్కరిని కూడా అలా అడగలేదు. మీరూ అడగలేదు."

పెద్ద జడ్జి కలం తీసి ఏదో రాసుకుంది. హైమవతి చేతిసంచిలో పసుపు భరిణె బండరాయంత బరువుగా ఉంది. దాని గురించి ఎవరూ అడగలేదు. తీర్పు రెండు వారాలకి వాయిదా వేశారు.

ఆరో రోజు పొద్దున ఇసకగెడ్డ నుంచి ఫోను వచ్చింది.

హైమవతి జోగారావుని వెంటబెట్టుకుని హేచరీకి పరిగెత్తింది. దహనానికి ఒక్క పూట పంపమని ఆయన అర్జీ రాశాడు. కేంద్రం అధికారి దాన్ని చదవనైనా చదవలేదు. "నాకు ఆ అధికారం లేదండి. ఏ జడ్జికీ లేదు. చట్టంలోనే లేదు," అన్నాడు. చెడ్డవాడేం కాదు. కుర్చీ వేయించాడు, మంచినీళ్లు తెప్పించాడు.

రత్నానికి హైమవతే చెప్పింది. ఆ పిల్ల ఏడవలేదు.

"ఏ పూట?"

"పొద్దున్నే."

"సముద్రం పోటు మీదున్నాదా, ఆటు మీదున్నాదా?"

హైమవతికి తెలియదు. తెలియదని చెప్పడం కంటే కష్టమైన మాట తన జీవితంలో ఏదీ లేదనిపించింది. చేతిసంచి తెరిచి భరిణె బల్ల మీద పెట్టింది. "ఇప్పుడైనా చూపిద్దాం. గంటలో వదిలేస్తారు. సాయంత్రానికి ఇంట్లో ఉంటావు. ఊరివాళ్లు దహనం ఆపుతారు నీకోసం."

"ఎనిమిది రోజులే కదా ఇంకా," అంది రత్నం. గొంతు ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టుంది. "మా పెదనాన్న కొడుకున్నాడు. తలకొరివి ఆడెడతాడు. మా అయ్య ఇచ్చిన మూడు వారాలు ఇప్పుడు నాను ఎనక్కిచ్చీలేను మేడమ్."

తెనీలా వచ్చి ఆమె పక్కన కూర్చుంది. ఒకరి భాష ఒకరికి అరకొరగానే వచ్చు. దీవి మనిషి తన కొంగు చింపి, పోయినవాళ్ల కోసం తమ దీవుల్లో చేసినట్టుగా, ఆ పీలికని రత్నం మణికట్టుకి కట్టింది. పసిది ఆ పీలికని పట్టుకుని నోట్లో పెట్టుకోబోయింది.

*

ఎనిమిదో రోజు తీర్పు వచ్చింది. పుట్టింది ఏ నేల మీదనైనా, తొంభై రోజులు నిర్బంధంలో ఉన్న ప్రతి మనిషికీ ఒక న్యాయాధికారి ముందు నిలబడి, తనని ఎందుకు వదలవచ్చో చెప్పుకునే హక్కు ఉందని చదివారు. యంత్రం మాటే ఆఖరి మాట కాదన్నారు. మర్నాడే విచారణలు మొదలుపెట్టమన్నారు. జోగారావు కోర్టు మెట్ల మీదే కూర్చుండిపోయాడు. "గుమ్మం పెట్టారు," అన్నాడు రెండుసార్లు.

హేచరీ ఆఫీసు గదిలో బల్ల వేసి మెజిస్ట్రేటు కూర్చున్నాడు. మొదటి పేరు రత్నానిది. లోపలికి వెళ్లేముందు హైమవతి ఆమె చెవిలో చెప్పింది. "ఇప్పుడు చూపిస్తే కేసుకేమీ కాదు. నీ పేరు మీద మచ్చ కూడా ఉండదు."

"నా ఎనకాల తెనీలా ఉన్నాది. నాను ఏ గుమ్మంలోంచి ఎల్తే అదీ ఆ గుమ్మంలోంచే రావాల."

మెజిస్ట్రేటు కాగితాలు తిరగేశాడు. "వదిలితే ఎక్కడుంటావు?"

"మా ఊళ్లో, మా ఇంట్లో."

"ఇంట్లో ఎవరున్నారు?"

"మొన్నటిదాకా మా అయ్య ఉన్నాడు."

ఆయన తలెత్తి చూశాడు. "జామీను ఎవరు?" అన్నాడు.

హైమవతి ముందుకొచ్చి సంతకం చేసింది. మెజిస్ట్రేటు ఆ పేరు రెండుసార్లు చదివాడు. "ఈ యంత్రం చేసింది మీరే కదూ?"

"అవునండి. నేనే."

నాలుగు నిమిషాలు పట్టింది. పదిహేడు నెలలకి పైగా ఎవరూ ఇవ్వని నాలుగు నిమిషాలు.

*

ఇసకగెడ్డ చేరేసరికి ఎండ వాలుతోంది. మర్నాడు పెద్దకర్మ. వాకిట్లో తాటాకు పందిరి వేసి ఉంది. లోపల ఎర్రయ్య మంచం నిలబెట్టి గోడకి ఆనించారు. రత్నం దాన్ని ఒకసారి తాకి, వచ్చి అరుగు మీద కూర్చుంది.

హైమవతి ఇంక ఆగలేకపోయింది. "నేను నీకొక అబద్ధం చెప్పాను రత్నం. మీ నాన్న ఆగలేడని నాకప్పుడే తెలుసు. డాక్టరు చెప్పాడు. చెప్పొద్దని ఆయన అడిగాడు. మూడు వారాలాగుతానన్నాడని చెప్పమన్నాడు. చెప్పాను. నిజం చెప్పుంటే నువ్వు ఆ రోజే వచ్చేసేదానివి. ఆయన్ని చూసుకునేదానివి."

రత్నం మణికట్టుకున్న పీలికని సర్దుకుంది.

"మీరు అబద్ధం సెప్పనేదు మేడమ్. మా అయ్య నలపై ఏళ్లు ఏటకెల్లినాడు. ఒక్కనాడూ ఇన్నాళ్లకొస్తానని సెప్పనేదు. మా అమ్మా అడగనేదు. రోజు సెప్పి ఎల్లినోడు తిరిగి రాడని మావోళ్ల నమ్మకం. అలాటోడు మూడు వారాలని లెక్కెట్టి సెప్పినాడని మీరన్నప్పుడే తెలిసిపోనాది." లోపలి మంచం వైపు చూసింది. "ఆ మాటే సెప్పమన్నాడు కదా, ఇంకేటీ కలపొద్దని? నాను ఎల్లిపోతన్నాను, నువ్వు నిలబడు అన్నాడు. మీకు తెలవనేదు. నాకు తెలిసినాది."

పలాస నుంచి భీమిలి దాకా తను మోసింది అబద్ధమనుకుంది హైమవతి. తండ్రీకూతుళ్ల మధ్య ఒక వీడ్కోలు మోసుకొచ్చిందని ఇప్పుడు తెలిసింది. నలభై సెకన్లలో మనిషి పుట్టుపూర్వోత్తరాలు చదవగలిగిన తను ఒక్క ముక్క చదవలేకపోయింది.

భరిణె తీసి రత్నం చేతికిచ్చింది. ఎదురింటి ముసలమ్మ గోడ మీంచి తొంగిచూస్తూ, "పేడ తెమ్మంటావేటే గుంటా? ఎప్పుడో ఎయ్యాల్సింది," అంది.

"మైల కదే మామ్మా."

రత్నం లోపలికెళ్లి భరిణెని దాని పాత గూట్లో, దీపం పక్కన పెట్టింది. మళ్లీ వచ్చి అరుగు మీద హైమవతి పక్కనే కూర్చుంది. ఒడ్డున పడవలు ఒక్కొక్కటే నీళ్లలోకి దిగుతున్నాయి. ఎప్పుడు తిరిగొస్తాయని హైమవతి అడగలేదు.